దొర అంటే మీ వైపు పొగడ్తేనా?

మాది ధవళేశ్వరం దగ్గర. మా తాతయ్య ఎవర్నైనా గట్టిగా మెచ్చుకోవాలంటే "దొరలాంటి మనిషిరా" అనేవాడు. ఆ మనిషికి ఎకరం పొలం కూడా ఉండకపోవచ్చు, కానీ మాట తప్పడు, అప్పు అడక్కముందే తీర్చేస్తాడు, గుమ్మంలోకొచ్చినోళ్ళని అన్నం పెట్టకుండా పంపడు, అంతే. మొన్న హైదరాబాద్‌లో మా ఆఫీస్ ఫ్రెండ్ వాళ్ళ నాన్నగారిని కలిసొచ్చి ఇదే మాట అన్నాను, తన మొహం మారిపోయింది. వాళ్ళది జనగామ వైపు. "మా నాయిన దొర కాదన్నా, మంచోడు" అన్నాడు. అప్పట్నుంచీ అదే ఆలోచన.

పాత పేపర్లలో ప్రభుత్వాన్నే "దొరతనమువారు" అని రాసేవాళ్ళు, అంటే దొరతనం అచ్చంగా అధికారమే. కాటన్ దొర అన్నప్పుడు కూడా మొదట తెల్ల ఆఫీసరు అనే అర్థం. 1847లో ఆయన గోదావరి మీద మొదలెట్టిన ఆనకట్ట 1852కి పూర్తయి కాలవల్లో నీళ్ళొచ్చాక మా వైపు ఆ మాటకి ప్రేమ అంటుకుందని నా నమ్మకం. మీరేమంటారు?

↳ అన్నా, మా దిక్కు దొరంటే గడీల, అంటే కోటసొంటి ఇంట్ల ఉండెటోడు, ఊరితోని వెట్టి చేపిచ్చుకున్నోడు. "నీ బాంచెన్ దొరా, కాల్మొక్త" అన్న నోళ్ళు మా తాతలయి, బాంచ అంటే దాసి కదా. 1946ల కడవెండిల దొడ్డి కొమరయ్య దేశ్‌ముఖ్ మనుషుల తూటాకు పాణమిడిసిండు. మంచోణ్ణి మేం పెద్దమనిషి అంటం, దేవుడసొంటోడు అంటం. దొర అనబుద్ధి గాదు.

↳ మా మన్యంలో ఇంకోలా ఉంటాదండి. కొండదొరలని తెగ పేరే ఉంది. 1922లో అల్లూరితో కలిసి పోలీస్ స్టేషన్ల మీదికెళ్ళిన గాం గంటం దొర, గాం మల్లు దొర మా మనుషులే. మాకు దొర అంటే పైనుంచొచ్చినోడు కాదు, మాలో ఒకడు.

↳ ఇద్దరికీ థ్యాంక్స్ అండీ. కాలవ నీళ్ళు తాగిన ఊరోణ్ణి కాబట్టి నాకు ఒక్క అర్థమే తెలిసింది, గడీ ముందు చెప్పులు చేత పట్టుకుని నడిచినోళ్ళ మనవడికి అదే మాట ఎలా వినపడుద్దో ఎప్పుడూ అనుకోలేదు. పొద్దున ఫ్రెండ్‌కి ఫోన్ చేసి మీ నాన్నగారు పెద్దమనిషి అని చెప్పాను, అక్కడిదాకా బానే ఉంది. ఇప్పుడింకో డౌటు, కొసరు వంకాయ వేసిన కుర్రాణ్ణి మా అమ్మ "మారాజువి నాయనా" అంటుంది, ఈ మారాజు మీ వైపు ఎలా వాడతారు?