డెఫ్రెగ్గర్ బొమ్మల్లో పల్లె పాట నిజమేనా, పట్నం వాళ్ల ముచ్చట కోసం వేసిందా?

కుంచె:
ఆస్ట్రియా చిత్రకారుడు ఫ్రాన్జ్ డెఫ్రెగ్గర్ 1876లో వేసిన ‘జిథర్ వాయించేవాడు’ బొమ్మ (వియన్నా బెల్వెడేర్ మ్యూజియంలో ఉంది) ఇప్పుడే చూశాను. కుర్రాడు జిథర్ అనే తీగల వాద్యం మీటుతుంటే అమ్మాయిలు మైమరచి వింటున్నారు. అందంగానే ఉంది గానీ నాకు నమ్మబుద్ధి కావడం లేదు. పేడకళ్లు లేవు, అప్పులు లేవు. ఆ శతాబ్దంలో జర్మనీ నుంచి లక్షల మంది అమెరికా ఓడ ఎక్కారు, ఆ దిగులు ఎవరి ముఖంలోనూ లేదు. ఇది మ్యూనిక్‌లో డబ్బున్నవాళ్ల గోడల కోసం వేసిన పల్లె. నిజం కావాలంటే అదే కాలపు జర్మన్ చిత్రకారుడు విల్‌హెల్మ్ లైబుల్ బొమ్మలు చూడాలి. మీరేమంటారు?

శ్రుతి:
కొన్నది పట్నం వాళ్లే, కాదనను. కానీ డెఫ్రెగ్గర్ ఆస్ట్రియాలోని టిరోల్ కొండల్లో స్ట్రోనాఖ్ అనే చోట పుట్టిన రైతుబిడ్డ. తండ్రి పోయాక కొన్నాళ్లు సేద్యం చేసి, పొలం అమ్మేశాకే బొమ్మల చదువుకు వెళ్లాడు. జిథర్‌ని బల్ల మీద పరిచి వాయిస్తారు. ఎడమచేతి వేళ్లతో తీగల్ని నొక్కుతూ, కుడి బొటనవేలికి తొడిగిన ఉంగరంతో మీటుతారు. నాదం చిన్నది, గది దాటి పెద్దగా పోదు. అందుకే వినేవాళ్లు అంత దగ్గరికి జరిగి కూర్చుంటారు. ఆ కూర్చున్న తీరు చూస్తే, ఆ పాటను ఎరిగినవాడి చెయ్యి అని నాకు గట్టిగా అనిపిస్తుంది.

మట్టిబొమ్మ:
లైబుల్ విషయం చెప్పాలి. ఆయన కొలోన్ నగరంలో పుట్టినవాడు, తండ్రి అక్కడి పెద్ద చర్చిలో సంగీత నిర్దేశకుడు. 1873లో మ్యూనిక్ వదిలి పల్లెలకు చేరాడు. ‘చర్చిలో ముగ్గురు స్త్రీలు’ బొమ్మ కోసం బెర్బ్లింగ్ ఊళ్లో 1878 నుంచి 1882 దాకా కష్టపడ్డాడు. అందులో పడుచుపిల్ల చేతులు చూడండి. పని చేసి చేసి మొద్దుబారిన వేళ్లు. సంగీతకారుడి కొడుకు వేసింది మౌనం, రైతు కొడుకు వేసింది పాట!

శ్రుతి:
అక్కడా ఆదివారం బట్టలే కదండీ. పేడ అక్కడా లేదు. పండగపూట పాట ఒట్టిదైతే, గుళ్లో ప్రార్థన మాత్రం నిజమెలా అవుతుంది?

కుంచె:
శ్రుతి గారూ, అసలు జిథర్ అప్పటికే ఒక్క పల్లె సొత్తు కాదు. బవేరియా (మ్యూనిక్ ఉన్న ప్రాంతం) డ్యూక్ మాక్సిమిలియన్, అంటే ఆస్ట్రియా మహారాణి ఎలిజబెత్ తండ్రి, వియన్నా కళాకారుడు పెట్జ్‌మాయర్ దగ్గర అది నేర్చుకున్నాడు. 1846లో ఎగువ బవేరియా జానపద గీతాలు అచ్చు కూడా వేయించాడు. ఇక బొమ్మ కొన్న పెద్దమనిషికి అందులో కనిపించింది తన ఇంటి ముందుగదిలోని వాద్యమే.

శ్రుతి:
పట్నం మెచ్చుకున్నంత మాత్రాన పల్లె దాన్ని వదిలేసుకోవాలా? 1883లో బవేరియాలోని బైరిష్‌సెల్ అనే పల్లెలో ఊరి సాంప్రదాయ దుస్తులు కాపాడుకోవడానికి సంఘం పెట్టుకున్నారు. అలా ముస్తాబై కనిపించాలన్న కోరిక వాళ్లకూ ఉంది.

మట్టిబొమ్మ:
ఆ సంఘం పెట్టిన జోసెఫ్ ఫోగ్ల్ బడిపంతులు, రైతు కాదు.

శ్రుతి:
పంతులైతేనేం? ఆ ఊళ్లో ఉండి, ఆ ఊరి పిల్లలకే చదువు చెప్పినాయన. ఆయన్ని మ్యూనిక్ కొనుగోలుదారుల లెక్కలో కలపడానికి నేనొప్పుకోను.