కట్ పడిన ప్రతిచోటా మారిపోతున్న గది శబ్దాన్ని సరిచేయడం ఎలా?

రెండు నిమిషాల అభ్యాస సన్నివేశాన్ని ఒకే షాట్‌లో తీసినప్పుడు కనిపించని సమస్య, 11 నిమిషాల లఘుచిత్రాన్ని ఎడిటింగ్‌లో పూర్తిచేస్తుండగా ఎదురైంది. తల్లీకూతుళ్లు ఒక గదిలో మాట్లాడుకునే సన్నివేశంలో తల్లి వైపు షాట్లను ఉదయం, కూతురి వైపు షాట్లను సాయంత్రం తీశాము. సెకనుకు 24 ఫ్రేములు, ధ్వని 48 కిలోహెర్ట్జ్. తల్లి మాట్లాడినంతసేపూ వెనుక నిశ్శబ్దంగా ఉంటుంది. కూతురి షాట్‌కు కట్ పడగానే ఫ్యాన్ హోరు ఒక్కసారిగా లేచి, మళ్లీ తల్లి ముఖం రాగానే తెగిపోతుంది. బొమ్మ చక్కగా అతికినా చెవి ప్రతి కట్‌నూ పట్టేస్తోంది.

కట్‌ల వద్ద 4 నుంచి 12 ఫ్రేముల వరకు క్రాస్‌ఫేడ్ (ఒక షాట్ ధ్వని తగ్గుతుండగా తర్వాతి షాట్ ధ్వని పెరిగేలా కలపడం) వేసి చూశాను. హోరు మెల్లగా వచ్చి మెల్లగా పోతోందే తప్ప తేడా దాగలేదు. వెనుక హోరును తగ్గించే నాయిస్ రిడక్షన్ పెంచితే, ముఖ్యంగా కూతురు గుసగుసగా "నేను వెళ్లను" అనే చోట, గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు మారిపోయింది. సంగీతంతో కప్పేయడం ఆ సన్నివేశానికి అన్యాయమని నా అభిప్రాయం. కట్‌ల కింద పరచడానికి, ఎవరూ మాట్లాడనప్పటి గది శబ్దాన్ని విడిగా ఒక నిమిషం రికార్డు చేసుకోవాల్సిన అవసరం అభ్యాసంలో రాలేదు కనుక చిత్రీకరణ రోజున ఎవరికీ తట్టలేదు. ఆ గది ఇప్పుడు అందుబాటులో లేదు.

కూతురి మాటల మధ్య దొరికే అర సెకను ఖాళీల నుంచి ఫ్యాన్ హోరును కూర్చి తల్లి షాట్ల కింద కూడా పరచడం మేలా, లేక కూతురి సంభాషణలన్నిటికీ మళ్లీ డబ్బింగ్ చెప్పించడం మేలా?