కాలేజీ లైన్‌బ్యాకర్‌ని డ్రాఫ్ట్ కోసం ఎలా అంచనా వేయాలి? టాకిల్స్ నమ్మొచ్చా?

ఫ్రిస్కో తమ్ముడు:
అన్నలూ ఒక డౌట్ తీర్చండి. మా ఆఫీసులో ప్రతి ఏప్రిల్‌లో ఎన్ఎఫ్ఎల్ (అమెరికా ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్) మాక్ డ్రాఫ్ట్ పెడతారు, అంటే టీమ్‌లు వంతులవారీగా కాలేజీ కుర్రాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌కి ఉత్తుత్తి ఆట, మన వాటాకొచ్చిన టీమ్ తరఫున పిక్ చెప్పి ఎందుకో కూడా అందరి ముందు చెప్పాలి. నా టీమ్‌కి లైన్‌బ్యాకర్ కావాలి, అదే డిఫెన్స్‌లో ముందు వరస వెనకాల నిలబడేవాడు. ఒక కాలేజీ కుర్రాడు తెగ నచ్చేశాడు, పేరు మాత్రం చెప్పను, మా ఆఫీసోళ్ళు ఈ గ్రూపులోనే తిరుగుతుంటారు. సీజన్‌లో వంద పైన టాకిల్స్ (బంతి పట్టుకున్నోణ్ణి పడేయడం), హైలైట్స్‌లో ఆ గుద్దుడు చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. ఫస్ట్ రౌండ్‌లో తీస్కుంటానంటే నవ్వుతారా? రిసీవర్ అయితే ఏదో ఒకటి వాగేవాణ్ణి, ఈ పొజిషన్‌లో అసలేం చూడాలో తెలీట్లేదు.

నైట్‌షిఫ్ట్ నాని:
ముందు ఆ హైలైట్స్ కట్టేయ్ తమ్ముడూ, ఫుల్ గేములు పెట్టుకో, అదీ వాళ్ళు ఓడిపోయినవి.

టాకిల్స్ లెక్కతో వచ్చే చిక్కేంటంటే, అఫెన్స్ సరిగా ఆడని టీమ్‌లో డిఫెన్స్ ఎప్పుడూ గ్రౌండ్ మీదే ఉంటుంది, అలాంటప్పుడు లైన్‌బ్యాకర్‌కి టాకిల్స్ వద్దన్నా వస్తాయి. ఇంకోటి, మూడో డౌన్‌లో (10 యార్డులకి ఇచ్చే నాలుగు ఛాన్సుల్లో మూడోది) ఇంకా 4 యార్డులు కావాల్సిన చోట వాణ్ణి 6 యార్డులు పోనిచ్చి పడేసినా టాకిల్ కిందే రాస్తారు, ఫస్ట్ డౌన్ (మళ్ళీ కొత్తగా నాలుగు ఛాన్సులు) మాత్రం అవతలోడికి పోయింది. అందుకే ఎన్ని అని కాదు, ఎక్కడ అని చూడు. ప్లే మొదలైన లైన్ దగ్గరా, దాటి ఐదారు యార్డుల తర్వాతా?

ల్యూక్ కీక్లీ బోస్టన్ కాలేజీలో 2011లో 191 టాకిల్స్ చేశాడు, దేశంలోనే టాప్. కానీ 2012లో పాంథర్స్ 9వ పిక్‌కి తీస్కుంది ఆ ఒక్క అంకె చూసి కాదు, కంబైన్‌లో (డ్రాఫ్ట్ ముందు పెట్టే పరీక్షలు) 40 యార్డులు 4.58 సెకన్లలో పరిగెత్తాడు, పాస్ కవరేజీ కూడా వచ్చు. మరుసటేడు మాంటై టేయో సంగతి చూడు, నోటర్ డేమ్‌లో హైస్మన్ (కాలేజీ బెస్ట్ ప్లేయర్ అవార్డు) ఓటింగ్‌లో రెండోవాడు, సీజన్‌లో 7 ఇంటర్‌సెప్షన్స్ (అవతలోళ్ళ పాస్ పట్టేయడం). కానీ అలబామాతో టైటిల్ గేమ్ 42-14తో పోయింది, అందులో ఇతను టాకిల్స్ మిస్సయ్యాడు, కంబైన్‌లో 4.82, చివరికి రెండో రౌండ్‌లో 38వ పిక్.

ఇక గేమ్ ఎలా చూడాలంటే, స్నాప్ అప్పుడు (బంతి వెనక్కి ఇచ్చి ప్లే మొదలెట్టేటప్పుడు) బంతి వైపు చూడకు, ఎదురుగా ఉన్న గార్డుల్ని (అఫెన్స్ లైన్‌లో సెంటర్‌కి రెండు పక్కలా ఉండేవాళ్ళు), మీవాడి కాళ్ళనీ చూడు. గార్డు కదలగానే మీవాడి మొదటి రెండడుగులు ఎటు పడ్డాయి? పక్కకి పుల్ అయ్యే (తన చోటు వదిలి పక్కకి పరిగెత్తే) గార్డుని చూసి వెంటనే అటు జరిగాడా, లేక ముందు ఒక తప్పటడుగు వేసి, రన్నర్ బయటపడ్డాక వెంటపడ్డాడా? గూగ్లీని బౌలర్ మణికట్టు దగ్గరే పసిగట్టేవాడికీ పిచ్ మీద పడ్డాక చూసుకునేవాడికీ ఎంత తేడానో ఇక్కడా అంతే. టీవీలో చూపించే యాంగిల్‌లో స్నాప్ ముందు లైన్‌బ్యాకర్లు బాగానే కనిపిస్తారు, కాబట్టి ఈ పనికి ఆల్-22 వీడియో (22 మందీ కనిపించే యాంగిల్) లేకపోయినా నడుస్తుంది. కవరేజీలో వెనక్కి వెళ్ళినప్పుడే ఫ్రేమ్‌లోంచి మాయమవుతాడు, అక్కడ రీప్లేలే దిక్కు.

ఒక్క విషయంలో మాత్రం కాస్త జాలి చూపించు. కాలేజీ రూల్స్‌లో పాస్ ప్లే అయినా లైన్‌మన్ 3 యార్డులు ముందుకు రావచ్చు, ఎన్ఎఫ్ఎల్‌లో 1 యార్డే. దీన్ని వాడుకునే చాలా కాలేజీ టీమ్‌లు ఆర్పీఓలు (రన్నా పాసా అన్నది క్వార్టర్‌బ్యాక్ అప్పటికప్పుడు తేల్చుకునే ప్లేలు) ఆడతాయి, గార్డు రన్ బ్లాక్ చేస్తూ మీదికొస్తుంటే బంతి మాత్రం వీడి తల మీదుగా స్లాంట్‌కి (రిసీవర్ ఏటవాలుగా లోపలికి వచ్చే రూట్) వెళ్ళిపోతుంది. అది ప్రతిసారీ వాడి తప్పని రాసుకోకు.

వైజాగ్ బ్లిట్జ్:
నాని అన్నా అంతా బానే చెప్పావు కానీ స్పీడ్ సంగతి వదిలేశావ్. ఈ రోజుల్లో సగం పైన స్నాప్స్ నికెల్‌లోనే (వెనకాల ఐదుగురు డిఫెన్సివ్ బ్యాక్‌లు), అంటే లైన్‌బ్యాకర్లు ఇద్దరే ఉంటారు, రన్నింగ్ బ్యాక్ వీల్ రూట్‌కి (పక్కకి వెళ్ళి సైడ్‌లైన్ వెంట పైకి పరిగెత్తడం) వెళ్తే వెంట పరిగెత్తలేనోడు ఏం చేస్తాడు? రోక్వాన్ స్మిత్ 4.51, 2018లో బేర్స్ 8వ పిక్, ఊరికే తీస్కున్నారా?

నైట్‌షిఫ్ట్ నాని:
స్పీడ్ వద్దని ఎవరన్నారు బాబూ. ఐజయా సిమన్స్ 238 పౌండ్ల మనిషి 4.39లో పరిగెత్తాడు, 2020లో కార్డినల్స్ 8వ పిక్‌కి తీస్కుని, ఏ పొజిషన్‌లో ఆడించాలో తేల్చుకోలేక 2023లో ఏడో రౌండ్ పిక్‌కి జెయింట్స్‌కి ఇచ్చేశారు. నీ రోక్వాన్ డ్రాఫ్టులోనే 70వ పిక్‌గా పోయిన ఫ్రెడ్ వార్నర్ 4.64, ఇప్పుడు కవరేజీ లైన్‌బ్యాకర్ అంటే అందరూ చెప్పేది అతని పేరే. నలభై యార్డులు తిన్నగా పరిగెత్తే సందర్భం ఈ పొజిషన్‌లో గేముకి ఎన్నిసార్లు వస్తుంది? మొదటి 10 యార్డుల టైమ్, త్రీ కోన్, షటిల్ అనే మలుపుల పరుగులు చూస్తే వాడు ఎంత తొందరగా దిశ మారుస్తాడో తెలుస్తుంది, నాకైతే అవే ముఖ్యం.

గోదారి గట్టు:
మోకాళ్ళ సంగతి కూడా కనుక్కో తమ్ముడూ. పేటన్ విల్సన్ 2023లో బట్కస్ అవార్డు (కాలేజీ బెస్ట్ లైన్‌బ్యాకర్‌కి ఇచ్చేది) గెలిచాడు, 4.43 పరిగెత్తాడు, అయినా పాత మోకాలి దెబ్బల భయంతో మూడో రౌండ్‌లో 98వ పిక్ దాకా జారాడు, స్టీలర్స్ పట్టుకుపోయారు. జేలన్ స్మిత్‌కి 2016 జనవరి 1న ఫియెస్టా బౌల్‌లో మోకాలు పోయి నరం దెబ్బతింది, మన కౌబాయ్స్ 34వ పిక్‌కి తీస్కుని ఆ సీజన్ మొత్తం కూచోబెట్టారు.

ఇంకో ముక్క. ఫస్ట్ రౌండ్ అంటే ఆటొక్కటే కాదు, రేటు కూడా. ఐదో ఏడాది ఆప్షన్ (ఫస్ట్ రౌండ్ వాళ్ళ కాంట్రాక్టుని టీమ్ ఇంకో ఏడాది పెంచుకునే వీలు) జీతం పొజిషన్‌ని బట్టి లెక్కేస్తారు, అందులో లైన్‌బ్యాకర్లనీ, క్వార్టర్‌బ్యాక్ మీదికెళ్ళే ఎడ్జ్ వాళ్ళలో చాలామందినీ ఒకే గాటన కడతారు, ఎడ్జ్ వాళ్ళ జీతాలేమో ఆకాశంలో ఉంటాయి. మధ్యలో ఆడేవాడికి అంత పెట్టాలంటే టీమ్‌లు జంకుతాయి. 2024లో అసలు ఫస్ట్ రౌండ్‌లో ఇలాంటి లైన్‌బ్యాకర్ ఒక్కడూ పోలేదు, మొదటివాడు ఎడ్జరిన్ కూపర్, ప్యాకర్స్, 45వ పిక్.

ఫ్రిస్కో తమ్ముడు:
వీకెండ్ అంతా కూచుని ఓడిన గేములు చూశా, మా ఆవిడ టీవీ ఇవ్వనంటే ల్యాప్‌టాప్‌లో. రన్ మీద నిజంగానే బావున్నాడన్నా, గార్డు పుల్ అయితే వాడికంటే ముందే అక్కడుంటున్నాడు. కానీ గార్డు సూటిగా మీదికొచ్చి ఛాతీ మీద చేతులేశాడంటే అంతే, అతుక్కుపోతున్నాడు, విడిపించుకోలేడు. ప్లే యాక్షన్‌కి (రన్ అని నటించి పాస్ వేయడం) ప్రతిసారీ ముందుకి దూకుతున్నాడు, వెనకాల టైట్ ఎండ్ (లైన్ పక్కన నిలబడి పాస్‌లూ పట్టేవాడు) ఖాళీగా నిలబడి పట్టుకుంటున్నాడు. ఇంకో వింత, మూడో డౌన్‌లో ఎక్కువ యార్డులు కావాల్సినప్పుడు అసలు గ్రౌండ్ మీదే కనపడట్లేదు, బయటికి తీసేస్తున్నారు.

నైట్‌షిఫ్ట్ నాని:
ఆ చివరిదే నీ జవాబు. వాణ్ణి రోజూ ప్రాక్టీసులో చూసే కోచ్ మూడో డౌన్‌లో నమ్మట్లేదు, ఫస్ట్ రౌండ్ పెట్టి నువ్వెందుకు నమ్మాలి? గార్డు చేతులు విడిపించుకోవడం నేర్పొచ్చు, బలం పెరుగుతుంది, అది పెద్ద భయం కాదు. ప్లే యాక్షన్‌కి దూకడం కూడా కొంత ఆ ఆర్పీఓల అలవాటే అయ్యుండొచ్చు, కొంతే. నేనైతే మూడో రౌండ్ చివర్లో, నాలుగులో అయితే సంతోషంగా తీస్కుంటా. ఆఫీసులో కూడా అలాగే చెప్పు, మొదటి రెండు డౌన్లకి పనికొస్తాడు, కవరేజీ నేర్చుకుంటే లాభమే అని. సీనియర్ బౌల్‌కి (డ్రాఫ్ట్‌కి వచ్చే కాలేజీ ఆటగాళ్ళ ఆల్-స్టార్ గేమ్, మోబీల్‌లో జరుగుతుంది) గనక వెళ్ళుంటే ఆ ప్రాక్టీస్ వీడియోలు వెతుకు, అక్కడ రన్నింగ్ బ్యాక్‌లతో ఒకరిమీదొకర్ని వదులుతారు, కవరేజీలో వాడి నడుం తిరుగుతుందో లేదో ఆ డ్రిల్‌లో దాచుకోలేడు.

వైజాగ్ బ్లిట్జ్:
స్పెషల్ టీమ్స్ (కిక్‌లప్పుడు దిగే టీమ్) ఆడాడో లేదో కూడా చూడు తమ్ముడూ. నాలుగో రౌండ్ వాడికి మొదటి ఏడాది పంట్ కవరేజీలో (మనవాళ్ళు తన్నిన బంతి పట్టుకున్నోణ్ణి ఆపడానికి) పరిగెత్తడమే ఉద్యోగం.