పాత రొయ్యల చెరువులో మడ మొక్కలు ఒకే చోట చనిపోతున్నాయి

కోరంగికి దక్షిణాన, ఏటిపాయ పక్కనే మా చర్చి సంఘం స్థలంలో ఎకరం పాత రొయ్యల చెరువు ఉంది. యౌవనస్థుల ప్రకృతి శిబిరాలు అక్కడే జరుగుతాయి. బైబిలులో ఆదికాండము 2:15 అప్పగించిన పని, అంటే తోటను సేద్యపరచి కాయడం, మాటల్లోనే ఆగకూడదని దాన్ని తిరిగి మడ అడవిగా మార్చే పని పెట్టుకున్నాం.

గట్టుకు గండి కొట్టి, మీటరు లోతు ప్రధాన కాలువ, దానికి చేపముల్లులా ఏటవాలుగా పిల్ల కాలువలు తవ్వాం. నవంబరులో సంచుల్లో పెంచిన తెల్లమడ మొక్కలు మీటరు దూరంతో నాటాం. గేదెలు రాకుండా కంచె కూడా ఉంది.

గట్టు వైపు మొక్కలు బాగున్నాయి. నడిమి పల్లంలోవి మాత్రం ఆకు అంచు నుంచి పసుపెక్కి, మొదలు మెత్తబడి పోతున్నాయి. అమావాస్య, పౌర్ణమి పోట్లకు నీళ్లు బాగానే ఎక్కుతాయి, కానీ పాటులో పూర్తిగా దిగవు. అష్టమి రోజుల్లోనైతే కొత్త నీరే రాదు. అక్కడి మట్టి నల్లగా, కుళ్లిన గుడ్డు వాసనతో ఉంది. ఏప్రిల్‌లో రిఫ్రాక్టోమీటరుతో చూస్తే ఏటిలో ఉప్పు లీటరుకు 30 గ్రాములు, పల్లంలో 48.

పిల్ల కాలువల పూడిక తీశాం, గండి వెడల్పు చేశాం, చచ్చిన చోట మళ్లీ నాటాం. మార్పు లేదు. ఉప్పు కంటే నీటి నిల్వే అసలు కారణమని నా అంచనా, ఎందుకంటే తెల్లమడ ఉప్పును బాగానే ఓర్చుకుంటుంది.

ఇలాంటి చెరువును బాగుచేసినవాళ్లు చెప్పండి: గండి అడుగును పల్లం కంటే కిందికి దించాలా, లేక పల్లంలోనే మట్టి దిబ్బలు పోసి వాటి మీద నాటాలా?