మా ఎఫ్‌ఎం రాత్రికి రాత్రే కంట్రీ స్టేషన్ అయిపోయింది. మీ ఊళ్లోనూ ఇలా జరిగిందా?

గుంటూరుఘాటు (ఒహాయో):
అందరికీ నమస్తే. మా ఊళ్లో ఎనభైలు, తొంభైల నాటి రాక్ పాటలు వేసే ఎఫ్‌ఎం ఒకటి ఉండేది. పోయిన వారం పొద్దున్నే కారు తీస్తే ఒకటే పాట, అయిపోగానే మళ్లీ అదే పాట. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడూ అదే. స్టేషన్‌లో ఏదో పాడైందనుకున్నా. మర్నాడు మధ్యాహ్నం నుంచి కంట్రీ మ్యూజిక్, అదే ఇక్కడి పల్లెటూరి బాణీ పాటలు! పొద్దున షో చేసే ఇద్దరూ లేరు, ట్రాఫిక్ చెప్పే ఆవిడా లేదు. వెబ్‌సైట్‌లో వాళ్ల ఫొటోలు కూడా తీసేశారు. ఎవరికీ వీడ్కోలు చెప్పే అవకాశం ఇచ్చినట్టు లేదు. స్టేషన్ పేరు ఇక్కడెందుకులెండి. నాకు తెలియాల్సినవి రెండే. ఇలా ఎందుకు చేస్తారు? సంతకాలు సేకరించి పంపితే ఏమైనా ఉపయోగం ఉంటుందా?

చార్మినార్‌చాయ్ (న్యూజెర్సీ):
పాడవలేదు అన్నా, అది కావాలని చేసేదే. ఫార్మాట్, అంటే స్టేషన్ వేసే పాటల రకం, మార్చే ముందు ఒకే పాట తిప్పి తిప్పి వేయడం, సెప్టెంబరులో క్రిస్మస్ పాటలు వేయడం ఇక్కడ మామూలే. పాత శ్రోతలు విసుగెత్తి వెళ్లిపోతారు, ఏం జరుగుతోందా అని కొత్తవాళ్లు చెవి పెడతారు.

మా వైపు కథ ఇంకా చిత్రం. న్యూయార్క్‌లో 103.5 వాళ్లు 1996లో కంట్రీ మానేసి డాన్స్ పాటలకు వెళ్లిపోయారు. ఆ తర్వాత నగరమంతా బాగా వినబడే కంట్రీ స్టేషన్ రావడానికి 2013 జనవరి దాకా పట్టింది. 94.7 మీద నాష్ ఎఫ్‌ఎం. దానికి ముందు ఆ ఫ్రీక్వెన్సీ ఫ్యామిలీ రేడియో అనే క్రైస్తవ నెట్‌వర్క్‌ది. 2011 మే 21న ప్రళయం అంటూ ఊరూరా హోర్డింగులు పెట్టించింది వాళ్లే. ప్రళయం రాలేదు, కంట్రీ వచ్చింది. అదీ ఎన్నాళ్లు? 2021 అక్టోబరులో కంట్రీ తీసేసి పాత హిప్‌హాప్ పెట్టారు. కాబట్టి ఓపిక పట్టండి, మీదీ మళ్లీ మారొచ్చు.

లెక్కలమాస్టారు (చికాగో):
ప్రకటనల వ్యాపారంలో ఉన్నాను కాబట్టి ఎందుకు అన్నదానికి నేను చెబుతా. పెద్ద నగరాల్లో కొంతమందిని ఎంపిక చేసి, ఒంటి మీద పెట్టుకుని తిరగడానికి చిన్న మీటరు ఇస్తారు. స్టేషన్ తన ధ్వనిలో మన చెవికి అందని కోడ్ కలుపుతుంది, మీటరు దాన్ని పసిగడుతుంది. ఈ లెక్కలు తీసేది నీల్సన్ అనే కంపెనీ. చిన్న ఊళ్లలో అయితే జనం ఏం విన్నారో డైరీలో రాసిస్తారు. ఎవరు, ఏ వయసువాళ్లు, ఎంతసేపు విన్నారో అందులోంచే తేలుతుంది.

ప్రకటనలిచ్చేవాళ్లు ఎక్కువగా అడిగేది 25 నుంచి 54 ఏళ్ల వాళ్లను. మీ స్టేషన్ పాటలు కాలేజీ రోజుల్లో విన్నవాళ్లలో చాలామంది ఆ గీత దాటేశారు. వాళ్లు ఎంత అభిమానంగా విన్నా రేటు పలకదు. పైగా మీ ఊళ్లో కంట్రీకి ఒక్కటే స్టేషన్ ఉండి, అది బాగా సంపాదిస్తుంటే, అందులో సగం లాక్కుందామని పక్కవాడికి అనిపిస్తుంది.

ఇంకొకటి. 1996 టెలికమ్యూనికేషన్ల చట్టానికి ముందు ఒక కంపెనీ దేశమంతటా ఇన్ని స్టేషన్లకు మించి ఉంచుకోకూడదని పరిమితి ఉండేది. ఆ చట్టం దాన్ని ఎత్తేసింది. పెద్ద నగరంలో ఒకే యజమానికి ఎనిమిది దాకా ఉండొచ్చంది. ఇక ఎనిమిదింటిలో ఏది ఏ పాటలు వేయాలో ఒక గదిలో కూర్చుని పంచేస్తారు. మీ రాక్ స్టేషన్‌కి పోటీ ఎక్కడో కాదు, అదే బిల్డింగ్‌లో ఉండి ఉంటుంది.

అనకాపల్లిబెల్లం (ఇర్వైన్):
అన్నీ పెద్ద కంపెనీల పనే అనలేం మాస్టారూ. లాస్ ఏంజెలెస్ 105.1 చూడండి. యజమాని సాల్ లెవీన్. 1959లో ఆయనే మొదలుపెట్టిన స్టేషన్, సొంత వ్యాపారం. దశాబ్దాల పాటు జాజ్ వేశారు. 1989లో ఊళ్లోని పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం స్టేషన్ కేఎఫ్‌ఏసీ ఆ పాటలు మానేస్తే, ఆ ఖాళీలోకి ఈయన వెళ్లారు. తర్వాత 2006 ఆగస్టులో 93.9 మీదున్న కేజెడ్‌ఎల్‌ఏ కంట్రీ వదిలేసింది. అంత మహానగరంలో చెప్పుకోదగ్గ కంట్రీ ఎఫ్‌ఎం లేకుండా పోయింది. 2007 ఫిబ్రవరిలో ఈయన మొజార్ట్, బీథోవెన్‌లను పక్కనపెట్టి గో కంట్రీ అని పేరు పెట్టేశారు. శాస్త్రీయ సంగీతాన్ని 1260 ఏఎంకి పంపారు. ఎఫ్‌ఎం అంత స్పష్టత లేని ఏఎంలో వయొలిన్ వింటే ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? మిగతా శ్రోతలు విరాళాలతో నడిచే 91.5కి వెళ్లిపోయారు.

జాజ్ వాళ్లు ఒకసారి తిట్టుకున్నారు, మొజార్ట్ వాళ్లు ఇంకోసారి. స్టేషన్ మాత్రం నిలబడింది. నా ఉద్దేశంలో ఆయన చేసింది తప్పు కాదు.

పాయింటులాయరు (వర్జీనియా):
సంతకాల సంగతి. న్యూయార్క్‌లో 104.3 మీద డబ్ల్యూఎన్‌సీఎన్ అనే శాస్త్రీయ సంగీతం స్టేషన్ ఉండేది. 1974లో రాక్‌కి మార్చారు. శ్రోతలు సంఘం పెట్టి పోరాడారు, 1975లో పాత సంగీతం తిరిగొచ్చింది కూడా. కానీ ఆ గొడవ పెరిగి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఫార్మాట్ల సంగతి రేడియో లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ మార్కెట్‌కే వదిలేయొచ్చని 1981లో కోర్టు తేల్చేసింది. ఆ స్టేషనే చివరికి 1993 డిసెంబరులో మళ్లీ రాక్ అయింది. ఈసారి ఆపేవాడు లేడు.

కాబట్టి ఎఫ్‌సీసీకి ఫిర్యాదు చేసి ప్రయోజనం లేదు. లైసెన్సు ఎనిమిదేళ్లకోసారి రెన్యువల్‌కి వస్తుంది, అప్పుడైనా నచ్చని పాటలు వేస్తున్నారన్నది అభ్యంతరంగా చెల్లదు. స్టేషన్‌లో ప్రకటనలిచ్చే మీ ఊరి షాపుల వాళ్లకు చెబితే కాస్తయినా వింటారు.

గోదారిగట్టు (నార్త్ కరోలినా):
మీకు పాటలు మారాయి. మాకు ఏకంగా తెలుగే పోయింది. మా వైపు ఒక ఏఎం స్టేషన్‌లో ఆదివారం పొద్దున గంటసేపు తెలుగు కార్యక్రమం వచ్చేది. నలుగురు కుర్రాళ్లు స్టేషన్‌కి డబ్బు కట్టి ఆ గంట కొనుక్కునేవాళ్లు. ఇళ్లమ్మే ఏజెంటు, ఇండియన్ కిరాణా, బిర్యానీ సెంటర్ ప్రకటనలతో ఖర్చు వెళ్లిపోయేది. మధ్యలో పుట్టినరోజులు చదివేవాళ్లు. మా అత్తయ్య ఇండియా నుంచి వచ్చినప్పుడు దోసెలు పోస్తూ, పేర్లు చదివే టైముకి చిమ్నీ ఆపేసేది. "మనవాళ్లెవరైనా ఉన్నారేమో విననీ" అనేది. మనవాళ్లు అంటే ఆవిడ లెక్కలో తణుకు వాళ్లు.

స్టేషన్ చేతులు మారింది, కొత్త యజమాని కంట్రీ పెట్టాడు, బయటివాళ్లకు గంటలు అమ్మడం ఆపేశాడు. కుర్రాళ్లు యాప్‌లోకి వెళ్లారు. యాప్ పెట్టుకోమంటే అత్తయ్య వినదు, కళ్లజోడు ఎక్కడో పెట్టాననేస్తుంది.

వీణాపాణి (డాలస్):
అందరూ తిట్టేవాళ్లే ఉన్నారు కాబట్టి నేను ఇటు వైపు. టెక్సస్‌లో ఉండి కంట్రీ తప్పించుకోలేం. మొదట్లో నాకూ అన్నీ ఒకేలా వినబడేవి. తర్వాత పెడల్ స్టీల్ గిటార్ మీద చెవి పడింది. బల్లలా పడుకోబెట్టి, తీగల మీద ఉక్కు కడ్డీ జరుపుతూ వాయిస్తారు. కాళ్ల కింద పెడల్స్, మోకాళ్ల దగ్గర లీవర్లు. నొక్కితే మిగతా తీగలు కదలవు, ఒక్కదాని శ్రుతి మాత్రం సాగుతూ పైకి పోతుంది. వీణ నేర్చుకున్నదాన్ని కదా, ఆ జారు వింటే ప్రాణం లేచొస్తుంది. తీగల మీద కర్రముక్క జరుపుతూ వాయించే మన గోటువాద్యం విన్నవాళ్లు ఒకసారి వినండి. పాట పక్కనపెట్టి వెనకాల ఆ ఒక్క వాద్యమే పట్టుకోండి.

గుంటూరుఘాటు:
మేడమ్, నిన్న ప్రయత్నించా. ట్రక్కు, నాన్న, నది, మళ్లీ ట్రక్కు. వాద్యం దొరకలేదు.

వీణాపాణి:
కొత్త పాటల్లో తక్కువేనండీ. పాతవి వేసే స్టేషన్ చూడండి.

పల్లెటూరిపిల్లగాడు (అట్లాంటా):
నాకైతే అవి మన జానపదాల్లానే అనిపిస్తాయి. పొలం, ఊరు, అమ్మ.

లెక్కలమాస్టారు:
జానపదం అనకు తమ్ముడూ. రేడియోలో వచ్చే కంట్రీ పాటల్లో చాలావరకు నాష్‌విల్‌లో మ్యూజిక్ రో అనే పేటలో రాసినవే. ఇద్దరు ముగ్గురు రచయితలు ముందే టైము ఖరారు చేసుకుని, గదిలో కూర్చుని, సాయంత్రానికి పాట తేల్చేస్తారు. మన సినిమావాళ్ల సిట్టింగ్‌కి దగ్గర.

టెన్నెసీతెలుగు:
మాస్టారు చెప్పింది నిజమే, అయినా మా ఊరిని అంత తేలిగ్గా తీసెయ్యకండి. 650 ఏఎం మీద డబ్ల్యూఎస్‌ఎం ఉంది, 1925లో మొదలైంది. గ్రాండ్ ఓల్ ఓప్రీ అనే కంట్రీ పాటల కార్యక్రమం అప్పటినుంచీ అందులోనే. 50,000 వాట్లు కాబట్టి రాత్రిపూట పక్క రాష్ట్రాల్లోనూ పట్టుబడుతుంది. తమాషా ఏమిటంటే దాన్ని పెట్టింది ఒక ఇన్సూరెన్స్ కంపెనీ. ఓప్రీ పేరు చెప్పి ఏజెంట్లు పల్లెల్లో పాలసీలు అమ్మారు. పాట ఎప్పుడూ ఏదో ఒకటి అమ్మడానికే వచ్చింది, అందులోనే మంచి పాటలూ వచ్చాయి.

చార్మినార్‌చాయ్:
ఘాటు అన్నా, అసలు విషయం మరిచాం. మీ కార్లో హెచ్‌డీ రేడియో, అంటే డిజిటల్ సిగ్నల్ అందుకునేది, ఉందా? తీసేసిన ఫార్మాట్‌ను కొందరు అదే ఫ్రీక్వెన్సీలో హెచ్‌డీ2 అనే అదనపు డిజిటల్ చానెల్‌లో ఉంచుతారు. స్టేషన్ పెట్టి, తెర మీద హెచ్‌డీ గుర్తు వెలిగే దాకా ఆగి, ట్యూన్ బటన్ ఒక్క మెట్టు ముందుకు తిప్పండి.

గుంటూరుఘాటు:
ఉంది! మా పాటలే వస్తున్నాయి. మాట్లాడేవాళ్లు లేరు, పాటకీ పాటకీ మధ్య స్టేషన్ పేరు ఒక్కటే. ఫ్లైఓవర్ కింద సిగ్నల్ పోయి మౌనం. మా ఆవిడ పాత కార్లో మాత్రం రావట్లేదు, ఏం చేయాలి?

చార్మినార్‌చాయ్:
హెచ్‌డీ రిసీవర్ లేని కార్లో రాదు అన్నా. ఆ స్టేషన్ యాప్‌లో హెచ్‌డీ2కి విడిగా స్ట్రీమ్ ఉందేమో చూడండి, ఫోన్‌లోంచి పెట్టుకోవచ్చు.