అపార్ట్‌మెంట్‌లో ఈవీ ఛార్జర్లు: ట్రాన్స్‌ఫార్మర్ పెంచాలా, ఉన్నదే పంచుకోవాలా?

వర్తూరు_శ్రీను: మాది 90 ఫ్లాట్లు, ట్రాన్స్‌ఫార్మర్ 250 కేవీఏ (అది మోయగల లోడ్ కొలత, సుమారుగా కిలోవాట్లే అనుకోండి). వేసవి సాయంత్రాల్లో లోడ్ 190 దాకా పోతోంది. అంటే మిగిలేది 60. ఒక్కో ఛార్జర్ 7.4 కిలోవాట్లు, ఎనిమిది కార్లు ఒకేసారి పెడితే అయిపోయింది. ఇప్పటికే 14 మంది అప్లికేషన్ ఇచ్చారు. పైగా గ్యాస్ వదిలి ఇండక్షన్‌కి మారేవాళ్లు పెరుగుతున్నారు. ఇప్పుడే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ వేయించుకుందాం అంటే కమిటీలో ఎవరూ వినట్లేదు. మీ దగ్గర ఏం చేశారు?

ఈఈఈ_రాజు: శ్రీను గారూ, ఎనిమిదీ ఒకేసారి ఎందుకు పెట్టాలండీ? రోజుకి 40 కిలోమీటర్లు తిరిగే కారుకి ఆరేడు యూనిట్లు చాలు. 20 కార్లైనా రాత్రికి 140 యూనిట్లు, ఎనిమిది గంటల్లో పంచితే సగటున 18 కిలోవాట్లు కూడా దాటదు. లోడ్ చూసుకుని ఛార్జర్ల వేగం తగ్గించే సిస్టమ్ పెట్టి రాత్రి 11 తర్వాత వదలండి. ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు అనవసరం.

లక్ష్మి_కర్నూలు: పైన టెర్రస్ ఖాళీగానే ఉంటుంది కదా, సోలార్ పెట్టొచ్చుగా. ఇళ్ల మీద సోలార్‌కి కేంద్రం పెట్టిన పీఎం సూర్య ఘర్ పథకంలో సొసైటీల కామన్ అవసరాలకి కిలోవాట్‌కి 18,000 సబ్సిడీ ఉంది.

వర్తూరు_శ్రీను: పగలు కార్లన్నీ ఆఫీసుల్లో ఉంటాయి మేడమ్. సోలార్ వచ్చినా రాత్రి లోడ్ తగ్గదు.

లక్ష్మి_కర్నూలు: లిఫ్టులు, మోటార్ల బిల్లు తగ్గుతుంది కదా. ఆ మిగిలిన డబ్బుతో ట్రాన్స్‌ఫార్మర్ కొనండి. టెర్రస్ సంగతి ఎవరూ మాట్లాడరేం?

హోసకోటె_బాబాయ్: రాజు గారూ, మీ సగటు లెక్క కాగితం మీద బాగుంది. మా బ్లాక్‌లో పోయిన వేసవిలో రాత్రి ఎనిమిదింటికి మెయిన్ బ్రేకర్ పడిపోయి మా ఆవిడ లిఫ్టులో ఇరుక్కుపోయింది. కిందకెళ్లి చూస్తే మొదటి అంతస్తు కిటికీలోంచి బేస్‌మెంట్‌లో కారుకి ఎక్స్‌టెన్షన్ వైరు, మధ్యలో అతుకు, దానికి నల్ల టేపు, ముట్టుకుంటే వేడి. ముందు దాన్ని ఆపమనండి.

ఈఈఈ_రాజు: అది అనుమతి ఇవ్వనందువల్లే వచ్చింది సార్. పద్ధతిగా మీటరు పెట్టి ఇస్తే ఎవడు లాగుతాడు వైరు?

అద్దెకుంటున్నా: కరెక్ట్. నేను ఓనరు సంతకం తెచ్చినా మా అసోసియేషన్ "కెపాసిటీ లేదు" అంది. ఆ తర్వాత నెలలోనే ప్రెసిడెంటు గారి స్లాట్‌లో ఛార్జర్ వచ్చింది. 2024 ఫిబ్రవరిలో కేంద్రం రూల్స్ మార్చింది, ఈవీకి విడిగా కనెక్షన్ అడిగే హక్కు ఉంది. ఆ కాగితం చూపిస్తే వాచ్‌మన్‌తో చెప్పి పంపించేశారు.

హోసకోటె_బాబాయ్: హక్కు ఉంటే ఉండొచ్చు బాబూ, కనెక్షన్ విడిగా ఇచ్చినా కరెంటు వచ్చేది ఆ ట్రాన్స్‌ఫార్మర్ నుంచేగా? మాకు కారే లేదు. లోడ్ పెంచితే ప్రతి నెలా ఫిక్స్‌డ్ ఛార్జీ పెరుగుతుంది, అది మెయింటెనెన్స్‌లో మేమెందుకు కట్టాలి? పెన్షన్ మీద బతికేవాళ్లం.

ఈఈఈ_రాజు: అందుకే కదా పెంచొద్దంటున్నాను, మీరు నా మీద కోప్పడతారేంటి!

వర్తూరు_శ్రీను: రాజు గారూ, మీకు ఛార్జర్ ఉందా?

ఈఈఈ_రాజు: ఉంది. మా అపార్ట్‌మెంట్‌లో మొదటిది నాదే. దానికీ దీనికీ సంబంధం ఏంటి?

వర్తూరు_శ్రీను: సంబంధం అంతా అక్కడే ఉంది. మిగులు కెపాసిటీ 90 ఇళ్లదీ. మొదటి ఎనిమిది మంది పైసా కట్టకుండా వాడేసుకుంటారు, తొమ్మిదోవాడు వచ్చేసరికి కొత్త ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు వాడి నెత్తిన పడుతుంది. "ఇప్పుడే అవసరం లేదు" అనేది ఎప్పుడూ ముందే పెట్టేసుకున్నవాళ్లే. నాకు ఇంకా కారు లేదు, రెండేళ్లలో కొంటాను, అప్పుడు లేదంటే ఎలా?

అద్దెకుంటున్నా: ఇదీ అసలు మాట.

ఈఈఈ_రాజు: సరే, ఛార్జర్ పెట్టే ప్రతివాడూ కిలోవాట్‌కి ఇంతని ఒక ఫండ్‌లో వేయాలి, ముందు పెట్టినవాళ్లు కూడా. దానికి నేను రెడీ. కానీ రాత్రి షెడ్యూల్ మాత్రం ఉండాల్సిందే, అది లేకుండా ఎంత పెద్దది వేసినా చాలదు.

హోసకోటె_బాబాయ్: కారు లేనివాళ్ల దగ్గర ఆ ఫండ్‌కి పైసా కూడా అడగబోమని మీటింగ్‌లో రాసిస్తే చెయ్యెత్తుతాను.

లక్ష్మి_కర్నూలు: టెర్రస్?