ఇసుమునా, ఇనుమునా?

భీమిలి వాసి: నిన్న పొద్దున్నే ఆటు సమయానికి తీరానికి వెళ్లాం. నీళ్లు తీసిన చోట తడి ఇసుక మీద కాటుక గీసినట్టు నల్లచారలు. మా పాప అయస్కాంతం పెడితే మీసాల్లా లేచి అంటుకున్నాయి. వెంటనే నాన్న చదివే ఏనుగు లక్ష్మణకవి పద్యం గుర్తొచ్చింది: "తివిరి ఇనుమున తైలంబు తీయవచ్చు". అది ‘ను’ నా, ‘సు’ నా? అప్పటి నుంచి మనసులో అదే నలుగుతోంది.

గణాల మాస్టారు: ‘ఇసుమున’, అంటే ఇసుకలో. కానీ ఏది పెట్టినా నాలుగు లఘువులే, నలం అనే గణం. యతి తి–తీ మీద ఉంది. కాబట్టి ఛందస్సు తేల్చదు. దీని సంస్కృత మూలంలో భర్తృహరి ‘సికతాసు’ (ఇసుకలో) అన్నాడు, అదే సాక్ష్యం.

రాళ్ల చదువు: మీ నాన్నగారు చదివే ‘ఇనుమున’ కూడా ఆ తీరానికి సరిపోతుందండీ. ఆ నలుపులో ఎక్కువ భాగం ఇల్మనైట్, అంటే ఇనుము, టైటానియం కలిసిన ఆక్సైడ్. అయస్కాంతానికి అలా ఎగబాకింది మాత్రం మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజం అయ్యుండాలి, ఇల్మనైట్ అంత గట్టిగా అంటదు. పక్కన ఎర్రగా మెరిసేది గార్నెట్ అనే ఖనిజం. తూర్పు కనుమల్లో ఖొండలైట్, చార్నొకైట్ రాళ్లు అరిగితే గోస్తని లాంటి ఏళ్లు కిందికి తెచ్చి పోశాయి. మామూలు ఇసుకలో ఉండే క్వార్ట్జ్ సాంద్రత 2.65, ఇల్మనైట్‌ది 4.7 దాకా. వెనక్కి పోయే అల తేలిక రేణువుల్ని ఈడ్చుకుపోతుంది, బరువైనవి చారగా మిగులుతాయి. అన్నట్టు, ఖొండలైట్ అన్న పేరు మన కోందు గిరిజనుల పేరు మీద పెట్టిందే.

పాత ప్రతులు: బాగుంది గానీ, అసలు చిక్కు ‘తివిరి’లో ఉంది. మూలంలో ‘పీడయన్’ ఉంది, పిండుతూ అని. తివియు అంటే లాగడం కదా. నూనె లాగి తీయడమని నా అర్థం.

గణాల మాస్టారు: తివియు అయితే ‘తివిసి’ అవ్వాలి. ఇది తివురు, అంటే యత్నించు. ‘యత్నతః’కి తెలుగు అదే. ఆ ‘రి’ని దాటి వెళ్లలేరు.

పాత ప్రతులు: మరి పిండడం ఎటు పోయింది? లక్ష్మణకవి ఊరికే మాట జారవిడిచే కవి కాదు. తివిరి, తవిలి, తిరిగి అని వరసగా మూడు పాదాలు ఎత్తుకుని, మూర్ఖుడి మనసు మెప్పించలేమనే నాలుగో పాదానికి వచ్చేసరికి ‘చేరి’ అని మార్చాడు. ఆ మార్పు దగ్గర నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

భీమిలి వాసి: ‘సు’ అని ఒప్పుకున్నాను. నాన్న గొంతులో మాత్రం ‘ను’యే వినపడుతోంది. ఆ నల్లచారకి మీ వైపు వలలోళ్లు వాడే మాట ఏదైనా ఉందా?

పాత ప్రతులు: ముందు ‘తివిరి’ తేలనివ్వండి. ఎలకూచి బాలసరస్వతి, పుష్పగిరి తిమ్మన ఈ శ్లోకాన్ని ఎలా తెనిగించారో రాత్రికి తీసి చూస్తాను.